రాసిన చెయ్యే గరిటె తిప్పింది: జూలియా చైల్డ్ టీవీ వంట

టీవీ వంటల సంగతి ఎత్తితే అమెరికాలో మొదట వినిపించే పేరు జూలియా చైల్డ్. ఆరడుగుల రెండంగుళాల మనిషి, వింతగా సాగే గొంతు, కెమెరా ముందు వంటకం చెదిరిపోయినా బెదరని తీరు. ఇవి చాలామందికి తెలుసు. ఆ బెదరనితనం పుట్టుకతో వచ్చిందనో, చలాకీతనమనో అనుకుంటారు. నాకలా అనిపించదు. 1963లో టీవీలో ఆమె వంటల షో మొదలయ్యేనాటికి దాదాపు తొమ్మిదేళ్లు ఒకే పుస్తకం మీద పనిచేసి ఉంది. ఏ వంటకం ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో, చెడితే ఎలా సరిచేయాలో ముందే కాగితం మీద పెట్టింది. కెమెరా ముందు కనిపించిన ధైర్యం ఆ కాగితాలదే.

ముందు కథ క్లుప్తంగా. 1912లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా గూఢచార సంస్థ ఓఎస్ఎస్‌లో ఫైళ్లు చూసే ఉద్యోగం మీద సిలోన్‌లోని కాండీకి వచ్చి, అక్కడే పాల్ చైల్డ్‌ని కలిసింది. 1946లో పెళ్లయింది. అప్పటికి ఆమెకు వంట పెద్దగా రాదు. 1948లో పాల్ ఉద్యోగరీత్యా ఫ్రాన్స్ వెళ్లారు. మరుసటి ఏడాది ప్యారిస్‌లోని కోర్డాన్ బ్లూ వంట బడిలో చేరింది. అంటే ముప్ఫై ఏడేళ్ల వయసులో ఉల్లిపాయ తరగడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. దీనివల్ల ఒక మేలు జరిగింది. చిన్నప్పట్నుంచీ వంటింట్లో పెరిగినవాళ్లకు ఏది కష్టమో గుర్తుండదు. ఆమెకు గుర్తుంది.

ప్యారిస్‌లో సిమోన్ బెక్, లూయిసెట్ బెర్తోల్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు అమెరికన్ల కోసం ఒక వంటల పుస్తకం రాసుకుంటున్నారు. 1952లో జూలియా వాళ్లతో కలిసింది. చేతిలో ఉన్న రాతప్రతి చూసి ఆమె తేల్చింది ఒక్కటే: ఇందులో ఉన్నది చూసి ఎవరూ వండలేరు. దాంతో ఒక్కో వంటకాన్నీ మొదట్నుంచీ వండి కొలవడం మొదలుపెట్టింది.

ఎంత లోతుగా వెళ్లిందో చెప్పడానికి మయొనైజ్ చాలు. గుడ్డు పచ్చసొనలో నూనె కలిపి చిలికితే చిక్కటి తెల్లటి సాస్ అవుతుందని ఎవరైనా రాస్తారు. ఆమె రాసింది వేరు. ఒక పెద్ద గుడ్డు పచ్చసొన పట్టుకోగలిగే నూనె గరిష్ఠంగా ముప్పావు కప్పు, అంటే సుమారు 180 మిల్లీలీటర్లు. అంతకు మించితే విరిగిపోతుంది. కొత్తవాళ్లు అరకప్పు దగ్గర ఆగిపోతే మంచిది. గుడ్డు, నూనె, గిన్నె అన్నీ గది వేడిమిలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సొన నూనెను సరిగ్గా పట్టుకోదు. మొదటి మూడోవంతు కప్పు దాకా నూనె చుక్కచుక్కగానే పడాలి. సాస్ చిక్కబడ్డాక మాత్రమే ధారగా పోయవచ్చు. విరిగితే పారబోయనక్కర్లేదు: వేడినీళ్లతో కడిగి తుడిచిన గిన్నెలో ఒక టీస్పూన్ ఆవముద్ద, ఒక టేబుల్ స్పూన్ విరిగిన సాస్ వేసి చిక్కబడేదాకా చిలకాలి. మిగతాది టీస్పూన్ చొప్పున కలుపుతూ పోవాలి. ఈ రెండో భాగంలో తొందరపడితే మళ్లీ విరుగుతుంది. ఎందుకంటే విరిగిన సాస్‌లో నూనె అప్పటికే బొట్లుబొట్లుగా విడిపోయి ఉంటుంది. ఒకేసారి పోస్తే కొత్తగా కూడిన కాస్త సాస్ ఆ నూనెను మోయలేదు.

చేసి చూపించేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు. విరిగితే ఏం చేయాలో తెలిసినవాళ్లకు విరుగుతుందన్న భయం ఉండదు.

ఇంకో ఇబ్బంది సరుకులది. ఫ్రెంచ్ పిండి మెత్తన, అమెరికన్ మైదాలో గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణమిచ్చే ప్రోటీన్, ఎక్కువ, కాబట్టి ప్యారిస్‌లో కుదిరిన పేస్ట్రీ బోస్టన్‌లో గట్టిపడుతుంది. మాంసం కోతలు వేరు, క్రీమ్ వేరు. అందుకని అమెరికాలో ఉన్న స్నేహితురాలు ఏవిస్ డివోటోకి రాతప్రతి కార్బన్ కాపీలు పంపేది. వీళ్ల స్నేహం మొదలైంది కత్తి మీద. ఏవిస్ భర్త బెర్నార్డ్ ఒక పత్రికలో స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తులకు పదును నిలవదని విసుక్కుంటూ రాస్తే, జూలియా ఆయనకు ప్యారిస్ నుంచి ఒక కార్బన్ స్టీల్ కత్తి పంపింది. జవాబు ఏవిస్ రాసింది. ఆ ఉత్తరాలే తర్వాత పుస్తకానికి దారి చూపాయి.

దారి సాఫీగా లేదు. హౌటన్ మిఫ్లిన్ అనే ప్రచురణ సంస్థ 1954లో ఒప్పందం చేసుకుంది. 1958లో వీళ్లు ఏడు వందల పేజీలు పట్టుకెళ్తే, అందులో ఉన్నవి కోళ్లూ బాతుల్లాంటి కొద్ది రకాల వంటకాలే! సంస్థ వద్దంది. కుదించి, తిరగరాసి ఇచ్చినా 1959లో మళ్లీ వద్దంది. చివరికి క్నాఫ్ సంస్థలో జూడిత్ జోన్స్ అనే యువ సంపాదకురాలు రాతప్రతిని ఇంటికి తీసుకెళ్లి, అందులో చెప్పినట్టే వండి చూసి, తీసుకుందామని పట్టుబట్టింది. 1961 అక్టోబరులో ‘మాస్టరింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్’ వచ్చింది. ఈ జూడిత్ జోన్సే 1973లో మధుర్ జాఫ్రీ మొదటి వంటల పుస్తకాన్నీ తెచ్చింది. జాఫ్రీ నటిగా మొదలై, వంట రాసి, 1982లో బీబీసీలో భారతీయ వంట చూపించింది. ఇద్దరి విషయంలోనూ పుస్తకం ముందు, కెమెరా తర్వాత. ఈ వరస నాకు యాదృచ్ఛికంగా తోచదు.

పుస్తకం అచ్చులో పేజీ అమరిక కూడా గమనించదగ్గది. పదార్థాలన్నీ పైన ఒకచోట గుట్టగా పోయలేదు. ఎడమ వైపు సన్నటి వరసలో ఆ మెట్టుకి కావలసిన సరుకు, కుడి వైపు దాంతో చేయవలసిన పని. గిన్నెలు, జల్లెడలు కూడా ఎడమ వరసలోనే. వండేవాడి చూపు ఎప్పుడు ఎక్కడుంటుందో ఆలోచించి వేసిన పేజీ అది. నిజానికి టీవీ స్క్రిప్ట్ కూడా ఇలాగే ఉంటుంది: ఒక వైపు బల్ల మీద ఉండాల్సింది, ఇంకో వైపు చేతులు చేయాల్సింది.

టీవీ మొదలైంది పుస్తకం ప్రచారం కోసమే. 1962లో బోస్టన్‌లోని విద్యా చానెల్ డబ్ల్యూజీబీహెచ్‌లో ఒక సాహిత్య ఆచార్యుడు నడిపే పుస్తక పరిచయ కార్యక్రమానికి పిలిచారు. మామూలుగా అక్కడ కూర్చుని మాట్లాడాలి. ఆమె ఒక హాట్ ప్లేట్, పెనం, గుడ్లు, చిలికే విస్క్ వెంట తీసుకెళ్లి ఆమ్లెట్ వేసింది. ప్రసారమయ్యాక ఆ పొడుగావిడ ఇంకా వండి చూపిస్తే బాగుంటుందని ఇరవై ఏడు ఉత్తరాలు వచ్చాయి. చిన్న చానెల్‌కు అది పెద్ద సంఖ్య.

ఆమ్లెట్‌నే ఎంచుకోవడంలో తెలివి ఉంది. ఆ వంటకం మొదట్నుంచి చివరిదాకా అర నిమిషంలో అయిపోతుంది, ప్రతి క్షణం కంటికి కనిపిస్తుంది. ఆమె కొలతలు ఇవి: అడుగు 18 సెంటీమీటర్లున్న పెనం, రెండు మూడు గుడ్లు, ఒక టేబుల్ స్పూన్ వెన్న, ఉప్పు, మిరియాలు. గుడ్లు ఇరవై ముప్ఫై సెకన్లు మాత్రమే గిలక్కొట్టాలి. మంట బాగా పెద్దది. వెన్న నురగ వచ్చి, ఆ నురగ దాదాపు అణిగి, రంగు మారబోయే క్షణంలో గుడ్డు పోయాలి. నురగ ఉందంటే వెన్నలో ఇంకా నీరుంది, పెనం చాలినంత కాగలేదు, గుడ్డు అతుక్కుంటుంది. గోధుమ రంగు తిరిగిందంటే ఆలస్యమైంది. రెండు మూడు సెకన్లు ఆగి, పెనం పిడి పట్టుకుని తనవైపు గట్టిగా కుదుపుతూ ఉంటే గుడ్డు తనంతట తానే ఎదుటి అంచుకు చేరి చుట్టుకుంటుంది. పెద్ద పెనంలో ఇదే పని చేస్తే గుడ్డు పల్చగా పరుచుకుని, చుట్టుకునేలోపే ఎండిపోతుంది. మన అట్టులా ఎర్రగా కాలాలని చూడకూడదు. లోపల మెత్తగా, దాదాపు జారుగా ఉండాలి.

ఆ ఉత్తరాల మీద మూడు నమూనా ఎపిసోడ్లు తీశారు. 1961లో అగ్నిప్రమాదంలో చానెల్ స్టూడియో కాలిపోవడంతో వాటిని ఒక గ్యాస్ కంపెనీ ఆడిటోరియంలోనూ, తర్వాత అసలు షోని బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్ విద్యుత్ కంపెనీవారి ప్రదర్శన వంటగదిలోనూ చిత్రీకరించారు. కంట్రోల్ రూం వీధిలో ఆపిన బస్సు. రెండు కెమెరాలు. దర్శకుడు రస్సెల్ మొరాష్, పక్కన సహాయంగా రూత్ లాక్‌వుడ్. మొదట్లో ఆమెకిచ్చింది ఎపిసోడ్‌కి 50 డాలర్లు. 1963 ఫిబ్రవరి 11న ‘ది ఫ్రెంచ్ షెఫ్’ మొదటి ఎపిసోడ్ ప్రసారమైంది: బెఫ్ బుర్గిన్యోన్, ఎర్ర వైన్‌లో ఉడికించిన బీఫ్ కూర.

ఆ రోజుల్లో వీడియో టేపు కోసి అతికించడం ఖరీదైన పని. అందుకని ఇరవై ఎనిమిది నిమిషాలూ ఏకబిగిన, ఆపకుండా తీసేవారు. మధ్యలో తప్పు జరిగితే సర్దుకుని పోవడమే. దీనికి ముందు చేసిన కసరత్తే అసలు విషయం. ఇంట్లో రూత్‌తో కలిసి ఒక్కో వంటకాన్నీ తార్కికంగా విడగొట్టి, కెమెరా ముందున్నట్టే వండి, ప్రతి వస్తువు ఎక్కడుండాలో రాసుకునేవారు. మరుగుతున్న నీళ్ల పెద్ద అల్యూమినియం గిన్నె కుడివైపు పై బర్నర్ మీద, తడి స్పాంజి ఎడమవైపు పై సొరుగులో. ఆమె ఏ పని మొదలుపెట్టగానే ఏ గిన్నెలు తీసేయాలో పాల్ దగ్గర వేరే చీటీ. షూటింగులో రూత్ అట్టముక్కల మీద మిగిలిన సమయం రాసి పైకెత్తి చూపించేది. గిన్నెలు తోమింది కూడా ఎక్కువగా పాలే. అమెరికా దౌత్య ఉద్యోగంలోంచి రిటైరైన మనిషి అట్లా అంట్లు కడిగాడంటే మనవైపు ఇప్పటికీ కొందరు నమ్మరు.

మూడు గంటల కూర ఇరవై ఎనిమిది నిమిషాల్లో ఎలా ఇమిడింది? ముందే వేర్వేరు దశల్లో వండి ఉంచుకోవడం వల్ల. ఒకటి పచ్చిది, ఒకటి సగం ఉడికింది, ఒకటి పూర్తయింది. అయితే ఏది పచ్చిగా చూపించాలి, ఏది దాటవేయాలి అనేదాంట్లోనే రచయిత కనిపిస్తుంది. ఓవెన్‌లో 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండున్నర నుంచి మూడు గంటలు ఉడకడం చూపించనక్కర్లేదు. దానికంతట అదే జరుగుతుంది. చూపించవలసింది చెడిపోయే చోట్లు. ఒకటి, సుమారు 1.3 కిలోల మాంసాన్ని రెండంగుళాల ముక్కలు కోసి కాగితపు తువ్వాళ్లతో తుడవడం. ముక్క తడిగా ఉంటే నూనెలో ఆవిరి పుడుతుంది తప్ప రంగు రాదు. రెండు, ఒకేసారి అన్ని ముక్కలూ గుమ్మరించకుండా కొన్నికొన్నిగా వేయించడం. మూడు, కూరలో కలిపే పుట్టగొడుగులను కిక్కిరిసేలా వేయకపోవడం. కిక్కిరిస్తే అవి నీరు వదిలి, వేగడానికి బదులు ఉడికిపోతాయి. ఈ మూడు చోట్లా తప్పు ఒకటే, తేమ. మన వేపుడు మాంసం ఎందుకు తెల్లగా నీళ్లోడుతుందో కూడా ఇందులోనే ఉంది.

అన్నట్టు, తొలి ఎపిసోడ్లలో బల్ల మీద గ్లాసులో ఆమె ఎత్తి చూపించింది వైన్ కాదు, గ్రేవీకి రంగు తెచ్చే ద్రావకం కలిపిన నీళ్లు. నలుపు తెలుపు టీవీలో తేడా తెలియలేదు.

జారిపోయిన వంటకం కథకొస్తే, కోడి కింద పడిందని, టర్కీ పడిందని ఏవేవో చెప్పుకుంటారు. అదేదీ జరగలేదు. జరిగింది బంగాళాదుంపల అట్టు. పెనంలోంచి గాల్లోకి ఎగరేసి తిప్పబోతే సగం పొయ్యి మీద పడింది. తీసి మళ్లీ పెనంలో సర్ది, వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరు చూస్తారు అనేసింది. అయితే అక్కడితో వదల్లేదు. తిప్పేటప్పుడు తను తెగించి తిప్పలేదని, సందేహిస్తూ కుదిపితే ఇలాగే అవుతుందని కారణం కూడా చెప్పింది. నవ్వు అందరికీ గుర్తుంది, ఈ కారణం ఎవరికీ గుర్తులేదు. మయొనైజ్ రాసిన మనిషే అక్కడా మాట్లాడింది.

ఈ పద్ధతిని మన వంటకానికి పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. రాసి రాసి ఇప్పుడు కెమెరా పెడదామనుకునేవాళ్లు తెలుగులో చాలామందే ఉన్నారు. గుత్తి వంకాయ తీసుకోండి. అరకిలో లేత గుండ్రటి కాయలు, యాభై గ్రాముల వేరుసెనగ గుళ్లు, రెండు చెంచాల నువ్వులు, రెండు చెంచాల ఎండుకొబ్బరి, ఒక చెంచా ధనియాలు, అరచెంచా జీలకర్ర, ఆరేడు ఎండుమిరపకాయలు, నిమ్మకాయంత చింతపండు. చెడే చోట్లు మూడు. నువ్వులు గుళ్లతో కలిపి వేయిస్తే గుళ్లు వేగేలోపు నువ్వులు మాడి కారం చేదెక్కుతుంది, కాబట్టి చివర్న విడిగా వేయించాలి. కోసిన కాయ ఉప్పు నీళ్లలో పడకపోతే నల్లబడుతుంది. కూరిన కాయ నూనెలో అన్ని వైపులా మెత్తబడకముందే పులుసు నీళ్లు పోస్తే కారమంతా బయటికొచ్చి, కాయ లోపల చప్పగా మిగులుతుంది. కెమెరా ముందు పూర్తిగా కనిపించవలసినవి ఈ మూడే. మూత పెట్టి సన్న సెగన మగ్గే పావుగంట దాటేయవచ్చు, రెండో బాణలి సిద్ధంగా ఉంటుంది. మన వీడియోల్లో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. మిక్సీ తిరగడం నిమిషంసేపు చూపించి, నువ్వులు వేగడం కట్ చేస్తారు.

సమయం విషయంలో మాత్రం దాటవేతకూ అబద్ధానికీ తేడా ఉంది. ఉల్లిపాయలు ‘రెండు నిమిషాల్లో’ ఎర్రగా వేగిపోయాయని చెప్పని టీవీ వంట అరుదు. జూలియా ఉల్లిపాయ సూప్‌లో లెక్క ఇది: సుమారు 680 గ్రాముల ఉల్లి చీలికలు, మూడు టేబుల్ స్పూన్ల వెన్న, ఒక టేబుల్ స్పూన్ నూనె. మూత పెట్టి సన్న సెగన పావుగంట. తర్వాత మూత తీసి ఒక టీస్పూన్ ఉప్పు, రంగు రావడానికి అర టీస్పూన్ పంచదార వేసి, మధ్యస్థ మంట మీద తిప్పుతూ ముప్ఫై నుంచి నలభై నిమిషాలు. ముప్పావుగంటకు తగ్గదు. తెర మీద గిన్నె మార్చినా నోటితో అసలు సమయం చెప్పాలి. చెప్పకపోతే ఇంట్లో వండేవాళ్లు పదో నిమిషానికే మంట పెంచి మాడ్చుకుంటారు, తప్పు తమదే అనుకుంటారు.

షో 1973 దాకా నడిచింది. 1966లో అమెరికా టీవీ పురస్కారం ఎమ్మీ వచ్చింది. విద్యా టీవీ నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. పుస్తకం అమ్మకాలు షోతో పెరిగాయి, డబ్బు వచ్చింది పుస్తకాల మీదే. ఎవరి సరుకుకీ ప్రచారం చేయననేది ఆమె నియమం. సరుకు పేరు పెట్టి పొగిడితే తర్వాత ఏది మంచిదని చెప్పినా ఎవరూ నమ్మరు కాబట్టి.

టీవీలో ఉంటూనే రాత మానలేదు. 1970లో వచ్చిన రెండో సంపుటంలో ఇంట్లో చేసుకునే ఫ్రెంచ్ రొట్టె ఉంది. దానికోసం పాల్, జూలియా కలిసి రెండేళ్లలో 284 పౌండ్ల పిండి, అంటే దాదాపు 129 కిలోలు వాడారు. ప్యారిస్‌లో రేమండ్ కాల్వెల్ అనే ఆచార్యుడి దగ్గరికెళ్లి పిండి చాలా మెత్తగా, జిగురుగా కలపాలని, నెమ్మదిగా పొంగనివ్వాలని నేర్చుకున్నారు. మిగిలిన చిక్కు ఆవిరి. బేకరీ ఓవెన్‌లో మొదటి నిమిషాల్లో ఆవిరి కొడతారు. దానివల్ల పైపొర వెంటనే గట్టిపడకుండా రొట్టె పొంగుతుంది, తర్వాత పెళుసైన పొర కడుతుంది. ఇంటి ఓవెన్‌లో అది రాదు. వీళ్లు కనిపెట్టిన ఉపాయం: అడుగున వేడి పలకలు పరిచి వాటి మీద రొట్టె కాల్చడం, ఎర్రగా కాల్చిన ఇటుకనో రాయినో ఓవెన్‌లోని నీళ్ల పళ్లెంలో వేయడం. పుస్తకంలో ఈ ఒక్క రొట్టెకే ఇరవై పేజీల దాకా పట్టింది.

1999లో ఫ్రెంచ్ షెఫ్ జాక్ పెపాన్‌తో కలిసి కేంబ్రిడ్జ్‌లోని తన ఇంటి వంటగదిలోనే ఒక షో చేసింది. జూలియా పొడుగు మనిషి కాబట్టి పాల్ ఆ వంటగదిలో గట్లను మామూలు కంటే రెండంగుళాలు ఎత్తుగా, 38 అంగుళాలకు కట్టించాడు. ఆ వంటగది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పెపాన్‌తో చేసిన షోలో మాత్రం వరస తిరగబడింది. ఇద్దరూ రాసిపెట్టుకున్న రెసిపీలు లేకుండా వండారు, పుస్తకం తర్వాత కూర్చారు. ఆమె తెల్ల మిరియాలు వేస్తే ఆయన నల్లవి వేసేవాడు. ఆయన రాళ్లుప్పు లాంటి కోషర్ ఉప్పు వేస్తే ఆమె మామూలు మెత్త ఉప్పే కావాలనేది. ఒకే వంటకానికి పుస్తకంలో పక్కపక్కనే రెండు పద్ధతులూ, రెండు కారణాలూ అచ్చయ్యాయి.